ఇద్దరెత్తిన బరువు

ఆ వృద్ధాశ్రమం ఆఫీసులో ప్రమాదాలు రాసే పుస్తకం ఒకటుంది. ఎవరు జారిపడ్డా, ఎవరికి సూది గుచ్చుకున్నా, ఎవరి వేలు తలుపు సందులో పడ్డా అందులో ఒక వాక్యం రాస్తారు. పద్నాలుగేళ్ళు అక్కడ ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి గురించి ఆ పుస్తకంలో ఉన్నది ఇంతే: "నిబంధనలకు విరుద్ధంగా, తోడు పిలవకుండా, ఒంటరిగా వృద్ధుడిని ఎత్తి నడుము దెబ్బతీసుకుంది." దాని కింద సాక్షి సంతకం.

ఆ వాక్యంలో నిజమైనది నడుము ఒక్కటే. మిగతాది మేనేజరు వండి వార్చింది. సాక్షి సంతకం పెట్టింది కొత్తమ్మాయి.

కొత్తమ్మాయి అంటే కొత్తగా వచ్చిందని కాదు. అప్పటికి వచ్చి మూడేళ్ళు దాటింది. ఆమె తర్వాత ఇంకెవరైనా వచ్చి ఆ పేరు తీసుకోవాలి కదా. వచ్చినవాళ్ళెవరూ నెల తిరక్కుండానే వెళ్ళిపోయేవాళ్ళు. అందుకని పేరు ఆమెకే మిగిలిపోయింది.

నడుము పోగొట్టుకున్న మనిషిని అందరూ జాకీ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. జాకీ అని పెట్టింది రెండో అంతస్తులో ఏడో మంచం మీది లారీ తాత. ముప్పయ్యేళ్ళు లారీ నడిపి, ఒకనాడు స్టీరింగు ముందే ఎడమ పక్కంతా చచ్చుబడి, చివరికి ఇక్కడ తేలిన మనిషి. తొంభై అయిదు కిలోలు. మొదటిరోజు ఆమె ఇంకొకామె తోడుతో తనని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించిన తీరు చూసి, "ఇంత నున్నగా లేపే జాకీ నా సర్వీసులో ఒక్కటీ దొరకలేదే" అన్నాడు. సాయంత్రానికల్లా మూడంతస్తుల్లోనూ ఆ పేరే పాకింది. ఆమె కూడా కాదనలేదు. ఎవరైనా జాకీ అని పిలిస్తే చేతిలో పని వదిలేసి, భుజాలు ఒకసారి కదిపి, "ఎక్కడే బండి ఆగిపోయింది?" అంటూ వచ్చేది.

పెళ్ళికి ముందు ఆమె ఇటుకలు మోసింది. పెళ్ళయ్యాక, పక్షవాతం వచ్చిన కన్నతల్లిని నాలుగేళ్ళు మంచానికీ స్నానాల గదికీ మధ్య మోసింది. తల్లి పోయిన నెలకి ఈ పనిలో చేరింది. "అమ్మని మోసి మోసి చేతులకి అలవాటైపోయిందే, ఊరికే కూర్చోమంటే కూర్చోవు" అని కొత్తమ్మాయితో చెప్పింది ఒకసారి. భర్త దర్జీ. కూర్చున్నచోటు నుంచి కదలని పని అతనిది, నిలబడి ఒంగని నిమిషం లేని పని ఈమెది. "మా ఇంట్లో ఒకళ్ళకి కాళ్ళు, ఒకళ్ళకి నడుము. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అని నవ్వేది.

కొత్తమ్మాయికి పని నేర్పింది జాకీయే. చేరిన వారం పొద్దుటి షిఫ్టులో వెంట తిప్పుకుంది. ముందు మంచం పిడి తిప్పి, పరుపు మన తుంటి ఎత్తుకి రావాలి. కుర్చీ చక్రాలకి బ్రేకు వేశామా లేదా రెండుసార్లు చూడాలి. చెప్పులు కాదు, బూట్లే వేసుకోవాలి. ఎత్తబోయే మనిషితో ముందు మాట్లాడాలి. "తాతా, గడ్డం గుండెకి ఆనించు. నీ మంచి చెయ్యి నా మెడకి వెయ్యకు, ఒళ్ళో పెట్టుకో. మెడకి వేశావంటే ఇద్దరం కలిసి పరలోకానికి పోతాం." అలా మాట్లాడుతూ ఉంటే బరువు సగం తనంతట తనే లేస్తుందనేది. ఆ వారం కొత్తమ్మాయి దుప్పట్లు పట్టుకుని పక్కన నిలబడి చూసిందే తప్ప, ఎత్తే పనిలో చెయ్యి వెయ్యలేదు. వారం కాగానే ఆమెని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చారు. చేతులతో ఎత్తడం అక్కడ నేర్చుకుంది.

కింద, మెట్ల పక్క గదిలో, మనుషుల్ని ఎత్తే యంత్రం ఒకటుంది. ఒక్కరే నడిపించవచ్చు, ఎవరి నడుమూ ఒంగక్కర్లేదు. తండ్రినో అత్తనో చేర్పించడానికి వచ్చినవాళ్ళకి మేనేజరు దాని ప్లాస్టిక్ ముసుగు తీసి చూపించి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ముసుగు వేసేవాడు. మనిషిని కూర్చోబెట్టే గుడ్డ ఊయల ఉతకడానికి వెళ్ళి తిరిగి రాలేదు. బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టేవాళ్ళు లేరు. గది తాళంచెవి మేనేజరు సొరుగులో ఉండేది. అది కావాలంటే ఆఫీసుకి వెళ్ళి అడగాలి, అడిగితే "ఇప్పుడేం అవసరం వచ్చిందమ్మా, జాకీ లేదా?" అనేవాడు. లారీ తాతని ఒకసారి కుర్చీలో కింద తిప్పుతుంటే ఆ గది తలుపు తెరిచి ఉంది. లోపలికి చూసి, "ఆ యంత్రానికీ నాకూ ఒకటే జబ్బు. ఆకారం ఏనుగంత, కదలిక సున్నా" అన్నాడు.

ఒకరి నడుము గట్టిదైతే పదిమంది దాని మీద కూర్చుంటారు. జాకీ ఉన్నంతకాలం యంత్రం గురించి ఎవరూ గట్టిగా అడగలేదు. జాకీ కూడా అడగలేదు. పిలిస్తే వెళ్ళడం ఆమెకి గొప్ప. ఆ గొప్ప ఆమె కొంపే ముంచింది.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. ఆ రోజు జాకీ యాప్రాన్ విప్పి సంచిలో కుక్కుకుని మెట్లు దిగబోతోంది. ఏడో మంచం దగ్గర లారీ తాత కుర్చీలోంచి జారి, సగం కుర్చీలో సగం గాల్లో ఉన్నాడు. కొత్తమ్మాయి మోకాలు అడ్డం పెట్టి ఆపుతోంది. షిఫ్టులో ఆమెతో ఉండాల్సిన మనిషి ఇంకా రాలేదు.

"అక్కా, ఒక్క పట్టు పట్టవా. పడిపోయేలా ఉన్నాడు."

"మీ షిఫ్టు బండి కూడా నేనే తొయ్యాలటే?" అంటూనే జాకీ సంచి నేల మీద పెట్టి వచ్చింది. మంచం పిడి తిప్పే వ్యవధి లేదు. వెనకనుంచి ఆయన చంకల కింద చేతులు పోనిచ్చింది. కొత్తమ్మాయి మోకాళ్ళ కింద పట్టుకుంది.

"నా పెళ్ళినాడు కూడా నన్నిలా ఇద్దరు పట్టుకోలేదు" అన్నాడు తాత.

"నోరు మూసుకుని గడ్డం ఆనించు తాతా. ఒకటి, రెండు, మూడు."

జాకీ లేపింది. కొత్తమ్మాయి చేతులు ఇంకా లేపలేదు. అర సెకను. ఆ అర సెకను తొంభై అయిదు కిలోలూ మంచం వైపుకి మెలితిరిగిన ఒక నడుము మీదే ఉన్నాయి. తర్వాత కొత్తమ్మాయి కూడా లేపింది, ఇద్దరూ కలిసి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. జాకీ ఆయన్ని వదల్లేదు. తల కింద దిండు సర్దింది. అప్పుడు మంచం పట్టె పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీద కూలబడింది. ముఖం తెల్లటి గోడలా ఉంది. అరవలేదు. "చెల్లీ, నా కాళ్ళు నాకు తెలియట్లేదే" అంది, అంతే.

కొత్తమ్మాయికి ఆ క్షణంలో అర్థమైంది ఒకటే. తను ఆలస్యం చేసింది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది.

"ఆ టైములో నువ్వెక్కడున్నావమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. "చూడు, నువ్వు ఉన్నావంటే ఇద్దరున్నట్టు. ఇద్దరుండి యంత్రం ఎందుకు వాడలేదని పైనుంచి అడుగుతారు. ఎవరు ఆలస్యం చేశారు, ఎవరు సరిగ్గా పట్టుకోలేదు అని తవ్వుతారు. నీకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. నువ్వక్కడ లేవనుకో, ఒకరు తొందరపడ్డారు, దెబ్బ తగిలింది. అక్కడితో సరి. ఆమె సంగతి అందరికీ తెలిసిందేగా, జాకీ."

"నేను..."

"బట్టల గదిలో ఉండి ఉంటావు. ఉతికినవి మడతపెడుతూ."

ఎవరు ఆలస్యం చేశారు అని తవ్వితే తేలేది తన పేరే అనుకుంది. పెన్ను తీసుకుంది. సంతకం పెట్టడానికి ఎంతసేపు? మనిషిని మంచం మీంచి కుర్చీలోకి దించేంతసేపు కూడా పట్టదు.

లారీ తాత మాత్రం ఊరుకోలేదు. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పాడు. "ఇద్దరున్నారయ్యా. ఒకళ్ళు తల వైపు, ఒకళ్ళు కాళ్ళ వైపు. మోయించుకున్నవాణ్ణి నేను, నాకు తెలియదా?" మేనేజరు నవ్వి, "పెద్దాయనకి ఈమధ్య మతి నిలకడ లేదు" అన్నాడు. బరువు ఎవరిదో ఆ మనిషిని తప్ప అందరినీ అడిగారు.

ఇరవై రోజులకి జాకీ వచ్చింది. గేటు నుంచి ఆఫీసు దాకా గోడ పట్టుకుని వచ్చింది. పని అడగడానికి కాదు. ఇక ఎత్తే పని చెయ్యొద్దని డాక్టరు చెప్పేశాడని ఆమెకి తెలుసు. పుస్తకంలో ఏం రాశారో ఎవరి ద్వారానో విని, ఆ వాక్యం కొట్టేయమని అడగడానికి వచ్చింది.

"పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తోడు లేకుండా బరువైన మనిషి మీద చెయ్యి వెయ్యలేదు సార్. పిల్లలకి అదే నేర్పాను. ఆ ఒక్క ముక్క కొట్టేయండి. నాకింకేం వద్దు."

"సాక్షి సంతకం ఉందమ్మా. నువ్వు కూడా ఒక సాక్షిని తీసుకురా, కొట్టేద్దాం."

ఆమె బయటికి వచ్చేసరికి వరండాలో కొత్తమ్మాయి ఎదురైంది. చేతిలో మూత పెట్టిన మలం పళ్ళెం. జాకీ ఆగింది. ఆమెని చూసింది. కొత్తమ్మాయి ఆ పళ్ళెం మూత వైపే చూస్తూ నిలబడింది. జాకీ మళ్ళీ గోడ పట్టుకుంది.

ఆ తర్వాత ఆశ్రమంలో భద్రత పేరు మీద చాలా హడావుడి జరిగింది. పుస్తకంలో ఏం రాసి ఉంటే దానికే కదా మందు వేస్తారు. ప్రతి గదిలో "ఒంటరిగా ఎత్తరాదు" అని అట్టలు వేలాడదీశారు. ఎవరో వచ్చి మోకాళ్ళు ఎలా వంచాలో తెర మీద బొమ్మలు చూపించి, టీ తాగి వెళ్ళారు. అసలే ఎవరూ ఒంటరిగా ఎత్తని చోట ఒంటరిగా ఎత్తవద్దని ఏడాది పాటు చెప్పారు. యంత్రం ముసుగులోనే ఉంది. ఆ ఏడాదిలోనే లారీ తాత పోయాడు. పోయేవరకూ కొత్తమ్మాయిని "ఏమ్మా రెండో మనిషీ" అని పిలిచాడు. మిగతావాళ్ళు అదేదో చాదస్తం అనుకున్నారు.

ఏడాది తిరిగాక, మళ్ళీ మధ్యాహ్నం రెండింటికే, మూడో అంతస్తులో ఒక పెద్దావిణ్ణి ఎత్తుతూ పొద్దుటి షిఫ్టు పొడుగమ్మాయి భుజం జారింది. తోడున్నది మధ్యాహ్నం షిఫ్టు కళ్ళజోడు పిల్ల. కొత్తమ్మాయి ఐసు తీసుకుని పరిగెత్తేసరికి పొడుగమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నొప్పిలోనే పోట్లాట నడుస్తోంది.

"మూడు అన్నాక కూడా నిద్రపోతావేంటే?"

"నువ్వే ముందు గుంజావు. ఊ అనకుండానే ఎవరైనా లేపుతారా?"

"ఊ ఏంటి మధ్యలో? మూడు అంటే లేపాలి."

"మూడు అన్నాక ఊ అనాలి. ఊ అన్నాక లేపాలి. మా షిఫ్టులో అందరం అంతే."

"మా షిఫ్టులో ఎవరూ ఊ అనరు తల్లీ. మీరు మోసేది మనిషినా, కథ వింటున్నారా?"

కొత్తమ్మాయి చేతిలో ఐసు కరిగి మోచేతి దాకా కారింది. పొద్దుటివాళ్ళు మూడు అన్న మాటతోనే లేపుతారు. మధ్యాహ్నంవాళ్ళు మూడు అన్నాక ఊ కోసం ఆగుతారు. ఎవరి షిఫ్టులో వాళ్ళు ఏళ్ళ తరబడి కలిసే ఎత్తారు, ఏ నడుముకీ ఏమీ కాలేదు. లోకమంతా తమలాగే లెక్కపెడుతుందనుకున్నారు. రెండు షిఫ్టులూ కలిసేది రోజుకి ఒక్క పావుగంట. ఆ పావుగంటలోనే ఒకళ్ళు లేపుతుంటే ఇంకొకళ్ళు ఆగి ఉంటారు.

ఆ రోజు తను ఆలస్యం చేయలేదు. జాకీ తొందరపడలేదు. తనకి చేతకాక జరిగిందనుకుని, ఆ భయంతోనే సంతకం పెట్టింది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, ఎవరు ఎప్పుడు లేపారో ఆ పూటే తేలేది. ఈ పిల్ల భుజం దాని చోట అది ఉండేది. తప్పు చేయకుండానే తప్పు దాచింది, దాచడమే తప్పయింది.

ఆమె పెద్ద సిస్టరు దగ్గరికి వెళ్ళి లెక్క సంగతి చెప్పింది. పెద్ద సిస్టరు మూడంతస్తుల నర్సులకీ ఆయాలకీ పైన ఉండే మనిషి, మాట కటువు, మోసం తెలియదు.

"బాగానే పట్టుకున్నావు. ఒకసారికే నీకెలా తట్టింది?"

"ఒకసారి కాదు సిస్టర్. రెండోసారి."

పెద్ద సిస్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కొత్తమ్మాయి అంతా చెప్పింది. మేనేజరు మాటలు, బట్టల గది, పెన్ను, పళ్ళెం మూత. "ఏడాది" అంది సిస్టరు. ఒక తెల్లకాగితం ముందుకు తోసింది.

ఆ వారమే రెండు షిఫ్టుల వాళ్ళనీ ఒకచోట నిలబెట్టి, ఖాళీ కుర్చీలో మురికి బట్టల మూటలు పెట్టి ఎత్తించింది. ఇక అంకెలు లేవు, తల వైపు ఉన్నవాళ్ళు "ఎత్తు" అంటారు, ఆ మాటకే ఇద్దరూ లేపాలి. పాత చేతులు వినడానికి పది రోజులు పట్టింది. యంత్రం తాళంచెవి సొరుగులోంచి పెద్ద సిస్టరు జేబులోకి మారింది. గుడ్డ ఊయల కోసం చీటీ రాసి పంపింది. అది ఇంకా రాలేదు.

మేనేజరు మాత్రం కొత్తమ్మాయి రాసిన కాగితం చదివి మడిచాడు.

"పోయినేడు పుస్తకం మూసేశాం. మూసిన పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు."

"సాక్షి ఉంటే కొట్టేస్తానన్నారు కదా సార్, అక్కతో."

"అప్పుడు అన్నాను. అప్పుడు నువ్వు లేవుగా." కాగితం సొరుగులో వేశాడు. "బట్టల గదిలో ఉన్నానని రాసిచ్చావు. రేపటినుంచి అక్కడే ఉండు."

ఆ కాగితానికి నకలు ఒకటి ముందే రాసి పెట్టుకుంది ఆమె. ఆదివారం అది పట్టుకుని జాకీ ఇంటికి వెళ్ళింది. ఏడాదిలో అటు వైపు తొంగిచూడటం అదే మొదలు, అదే చివర. నెల తిరక్కుండా వాళ్ళు మెట్లు లేని ఇల్లు వెతుక్కుని ఎక్కడికో మారిపోయారు.

గది చిన్నది. కిటికీ దగ్గర కుట్టు మిషను, దాని ముందు దర్జీ బావ. గోడ వారన, పరుపు లేని బల్ల మీద జాకీ ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ళ మధ్య దిండు. చేతికి అందేంత దూరంలో గుండీల డబ్బా, సూది, దారం. పడుకునే గుండీలు కుడుతోంది. భుజాలు ఇంకా అలాగే ఉన్నాయి. నడుము కింద ఉన్నదంతా ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది.

"ఎవరూ?" అన్నాడు బావ. చూసి గుర్తుపట్టి, మిషను ఆపేశాడు. "ఓ, సంతకం గారా. రండి. కుర్చీ లేదు, కింద కూర్చోవాలి. మీవాళ్ళు పుస్తకాల్లో తప్ప ఎక్కడా కూర్చోరేమో."

"నువ్వుండవయ్యా" అంది జాకీ. "టీ పెట్టు పో."

"పాలు లేవు."

"అయితే ఊరికే ఉండు."

కొత్తమ్మాయి నేల మీద కూర్చుంది. కాగితం తీసి చదివింది. తను ఆ రోజు అక్కడే ఉన్నానని, మోకాళ్ళ కింద పట్టుకున్నది తనేనని, అక్క ఒంటరిగా ఎత్తలేదని, ఎత్తే లెక్క రెండు షిఫ్టులకీ వేరని, ఎవరి తప్పూ లేదని, తన సంతకం అబద్ధమని అందులో ఉంది. పుస్తకంలో వాక్యం కొట్టేయలేదని కూడా చెప్పింది. పొడుగమ్మాయి భుజం జారాకే ఈ లెక్క బయటపడిందని, ఇప్పుడు అందరూ ఒక మాటకే ఎత్తుతున్నారని చెప్పింది.

బావ చేతిలో చొక్కాకి పిన్నులున్నాయి. ఒక్కొక్కటే తీసి అయస్కాంతానికి అంటించాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. ఆమె ఇంకోసారి చదివింది. అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

జాకీ మాత్రం గుండీ కుట్టడం ఆపలేదు. నాలుగు కన్నాల గుండీ. దారం రెండుసార్లు చుట్టి, పళ్ళతో కొరికి, చొక్కా పక్కన పెట్టింది.

"పొడుగుదాని భుజం ఎలా ఉంది?"

"కట్టు విప్పారక్కా. చెయ్యి పైకెత్తలేకపోతోంది."

"ఎత్తే పని పెట్టొద్దని చెప్పండి. అదే అడుగుతుంది, పెట్టొద్దు."

"చెప్తానక్కా."

కొత్తమ్మాయి కాగితం మడిచి, గుండీల డబ్బా పక్కన పెట్టి లేచింది. జాకీ అప్పుడు తల తిప్పి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

"ఇదే మాట అప్పుడు చెప్పుంటే నాకోసం చెప్పినట్టుండేది చెల్లీ. ఇప్పుడు నీకోసం చెప్పుకున్నావు. తప్పు లేదులే, నిద్రపట్టకపోతే నీకు మాత్రం ఎలా కుదురుతుంది. ఆ కాగితం మాత్రం తీసుకుపో. ఇక్కడ ఉంచావంటే మీ బావ చొక్కాలకి వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపిస్తాడు. ఈ బల్ల మీంచి లేచి అవతలికి పోలేనుగా, ప్రతిసారీ నేను వినాలి."